‘మోసం కాదు’ అంటే ఏది కాదన్నట్టు? 251 రూపాయల ఫోన్ నుంచి ఇన్‌స్టా చీర దాకా

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల మీద ఆరోపణ వచ్చి, వాళ్లు ‘మేం మోసం చేయలేదు’ అని వివరణ ఇచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ సామెత తెచ్చి పెడతారు. వినడానికి బాగుంటుంది గానీ దీంతో ఒక చిక్కుంది. ఏ పాపం తెలియనివాణ్ణి నలుగురిలో నిలబెట్టి ‘నువ్వేనటగా’ అంటే వాడూ ఒకసారి భుజం చూసుకుంటాడు. నిజాయితీపరుడూ కాదనే అంటాడు, మోసగాడూ కాదనే అంటాడు. కాదన్నాడు కాబట్టి దొంగే అనడానికి లేదు, అంత గట్టిగా కాదన్నాడు కాబట్టి మంచివాడే అనడానికీ లేదు. ఆ కాదనడంలో అసలు ఏది కాదంటున్నాడో చూస్తే మాత్రం చాలా సంగతులు తెలుస్తాయి.

నాలుగు ముక్కల జవాబు

పోయిన శ్రావణమాసానికి ముందు మా వదిన ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ చూసి మంగళగిరి చేనేత చీర బుక్ చేసింది. 1,850 రూపాయలు, యూపీఐలో ముందే పంపేసింది. ఇరవై రెండు రోజులకు పార్శిల్ వచ్చింది. పట్టుకుంటేనే పాలిస్టర్ అని తెలిసిపోయే చీర. వదినకు ఒళ్లు మండి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, పైన ‘వీళ్లు ఫ్రాడ్’ అని రాసి పోస్ట్ చేసింది.

పేజీ వాళ్ల జవాబు గంటలో వచ్చింది. తాము మోసం చేయలేదని, తమకు నాలుగు వేల మంది కస్టమర్లున్నారని, ఫొటోకీ చీరకీ రంగులో కొంచెం తేడా రావచ్చని ముందే చెప్పామని, పార్శిల్ విప్పుతూ తీసిన అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే కంప్లైంట్ తీసుకోమని. చివర్లో, పేరు పాడుచేస్తే లీగల్‌గా వెళ్తామని.

ఇందులో ప్రతి ముక్కా ఏదో ఒక ప్రశ్నకు జవాబే. మిగతావాళ్లకు సరుకు అందిందా? అందింది. రంగు తేడా గురించి చెప్పారా? చెప్పారు. వదిన దగ్గర వీడియో ఉందా? లేదు. ఆవిడ అడిగింది మాత్రం ఒక్కటే, ఇది చేనేతదా కాదా అని. దాని జోలికి వాళ్లు పోలేదు.

వాళ్లు మోసగాళ్లని దీంతో తేలిపోదు. జవాబు రావాల్సిన చోట రాలేదన్నంత వరకే తేలుతుంది. ఈ తేడా ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముందు ‘మోసం’ అనే మాట దగ్గరికి వెళ్లాలి.

ఫోర్ ట్వంటీ లోపల నీలిమందు కథ

మనం తిట్టుగా వాడే ‘ఫోర్ ట్వంటీ’ భారత శిక్షాస్మృతిలో 420వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, అమల్లోకి వచ్చాక అది 318వ సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగమైంది. శిక్ష మారలేదు, ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ‘వాడు త్రీ ఎయిటీన్ గాడు’ అని ఇంకా ఎవరూ తిట్టడం లేదు, అలవాటు కావాలి.

చట్టం దృష్టిలో వంచన అంటే, అబద్ధంతో నమ్మించి, ఆ నమ్మకం మీద ఎదుటివాడు డబ్బో వస్తువో ఇచ్చేలా చేయడం. పాత చట్టం రాసినవాళ్లు దీనికి కొన్ని ఉదాహరణలు కూడా ఇచ్చారు. వాటిలో ఒకటి నీలిమందు, అంటే బట్టలకు వేసే నీలం రంగు, బేరం. అది 1860 నాటి చట్టం, అప్పట్లో మన కడప, నెల్లూరు వైపు కూడా నీలిమందు పండించేవారు.

ఆ ఉదాహరణ ఇలా సాగుతుంది. ఇంత నీలిమొక్క సరఫరా చేస్తానని చెప్పి ఒకడు మరొకడి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఇచ్చే ఉద్దేశం ఆ రోజే లేకపోతే అది వంచన. డబ్బు తీసుకున్న రోజు ఇద్దామనే ఉండి, తర్వాత మాట తప్పి ఇవ్వకపోతే అది వంచన కాదు, సివిల్ కోర్టులో తేల్చుకోవాల్సిన ఒప్పంద భంగం. రెండుచోట్లా కొన్నవాడికి జరిగింది ఒకటే: డబ్బు పోయింది, సరుకు రాలేదు. తేడా అంతా అమ్మినవాడి మనసులో, అదీ డబ్బు చేతులు మారిన రోజున, ఏముందన్న దాంట్లో ఉంది.

సుప్రీంకోర్టు 2000లో హృదయరంజన్ ప్రసాద్ వర్మ కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. మాట నిలబెట్టుకోకపోవడం ఒక్కటే వంచన కాదు, దురుద్దేశం మొదట్లోనే ఉన్నట్టు కనిపించాలి అని. మనసులోకి తొంగిచూసే యంత్రం ఏ కోర్టులోనూ లేదు కాబట్టి ఆ రోజు చుట్టూ ఉన్న పరిస్థితులనే చూస్తారు. ఇచ్చే స్తోమత ఉందా, చెప్పిన మాటల్లో అప్పటికే అబద్ధమని తనకు తెలిసినవి ఉన్నాయా, వచ్చిన డబ్బు ఎటు పోయింది.

‘మేం మోసం చేయలేదు’ అన్న అమ్మకందారు క్రిమినల్ చట్టం ప్రకారం నిజమే చెబుతూ ఉండి, డబ్బు బాకీ మాత్రం ఉండొచ్చు. వినియోగదారుల చట్టానికి ఉద్దేశంతో పని తక్కువ. 2019 చట్టం ప్రకారం వస్తువు గురించి తప్పుగా చెప్పి అమ్మితే అది అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోయినా అంతే. అక్కడ ‘నా మనసులో చెడు లేదు’ అనే వాదన పెద్దగా నిలబడదు. అమ్మినవాళ్లు క్రిమినల్ ప్రశ్నకు జవాబు చెప్పి ఈ ప్రశ్నకూ చెప్పినట్టు చేతులు దులుపుకుంటారు. కొన్నవాళ్లు వినియోగదారుల ప్రశ్న అడగాల్సిన చోట క్రిమినల్ మాట విసురుతారు. సగం గొడవ ఇక్కడే.

251 రూపాయల ఫోన్: అన్ని రకాల ‘కాదు’లూ ఒకేచోట

ఈ దేశంలో ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ఖండనల మీద ఊరూవాడా చర్చ జరిగిన సందర్భం చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఫ్రీడమ్ 251.

నోయిడాకు చెందిన రింగింగ్ బెల్స్ అనే కొత్త కంపెనీ 2016 ఫిబ్రవరి 17న ఢిల్లీలో ఈ స్మార్ట్‌ఫోన్‌ను ఆవిష్కరించింది. బీజేపీ సీనియర్ నేత మురళీ మనోహర్ జోషి ఆ సభకు వచ్చారు. నాలుగంగుళాల తెర, 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ, 3జీ. ధర 251 రూపాయలు, డెలివరీకి మరో 40, మొత్తం 291. మర్నాడు ఉదయం 6 గంటలకు బుకింగ్ మొదలైంది, సైటు కుప్పకూలింది. సెకనుకు 6 లక్షల హిట్లు వస్తున్నాయని కంపెనీ చెప్పింది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్లు ఊరికే అనలేదు.

సందేహాలు మొదలైంది విలేకరులకు చూపించిన ఫోన్ల దగ్గర. వాటి ముందువైపు తెల్లటి వైట్‌నర్ పూత ఉంది. గీకితే కింద ‘యాడ్‌కామ్’ అనే వేరే కంపెనీ పేరు బయటపడింది. ఆ మోడల్ బజారులో దాదాపు నాలుగు వేల రూపాయలకు దొరుకుతోంది. ఆ ఫోన్లను తాము రింగింగ్ బెల్స్‌కు ఒక్కోటి 3,600 చొప్పున అమ్మామని, వాటితో ఏం చేయబోతున్నారో తమకు తెలియదని యాడ్‌కామ్ వాళ్లు చెప్పారు. ఇవి నమూనా మాత్రమే, అసలు ఫోన్ వేరుగా వస్తుంది అన్నది రింగింగ్ బెల్స్ జవాబు.

ఈ జవాబును నీలిమందు కొలతతో కొలిచి చూడండి. నమూనా కోసం వేరే కంపెనీ ఫోన్ వాడటం నేరమేమీ కాదు. ‘మా ఫోన్ ఇలాంటిది, ఇంకా తయారవుతోంది’ అని ముందే చెప్పి చూపిస్తే అడిగేవాడే ఉండడు. పేరు కనిపించకుండా వైట్‌నర్ పూయడం మాత్రం, చూసేవాడు ఒకటి అనుకోవాలని చేసిన పని. అసలు ఫోన్ వేరుగా వస్తుందన్న మాట ఆ పూత ఎందుకో చెప్పదు. మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా బరువుగా కనిపించేది ఈ చిన్న వైట్‌నర్ మరకే. ధర మీద ఎంతైనా వాదించుకోవచ్చు, ఆ పూత మీద వాదన కష్టం.

ధర లెక్క ఎలా జారుతూ పోయింది

మొబైల్ కంపెనీల సంఘం, ఇండియన్ సెల్యులార్ అసోసియేషన్, అప్పటి టెలికాం మంత్రి రవిశంకర్ ప్రసాద్‌కు లేఖ రాసింది. ఎంత చవకగా తెచ్చినా ఇలాంటి ఫోన్‌కు విడిభాగాలకే 2,700 రూపాయల దాకా అవుతుందని, సబ్సిడీ మీద అమ్మినా 3,500 కన్నా తగ్గదని అందులోని వాదన. ఈ సంఘంలో ఉన్నవాళ్లు పోటీ కంపెనీలే. కాబట్టి ‘కుళ్లుకొద్దీ అంటున్నారు’ అని కొట్టిపారేయడానికి వీలుంది. ఆ లెక్క ఎవరైనా సరిచూడగలిగింది అన్న సంగతి కూడా అంతే నిజం.

ఇక కంపెనీ చెప్పిన లెక్క. ఫిబ్రవరిలో కంపెనీ ప్రెసిడెంట్, తయారీ ఖర్చు సుమారు 2,500 అవుతుందని, భారీ సంఖ్యలో తయారుచేయడం, దేశంలోనే తయారుచేసి 13.8 శాతం సుంకం మిగుల్చుకోవడం, కొత్తరకం మార్కెటింగ్, ఈ-కామర్స్ వేదిక, వీటన్నిటితో రాబట్టుకుంటామని చెప్పారు. మొదటి విడతలో జూన్ 30 కల్లా 25 లక్షల ఫోన్లు ఇస్తామన్నారు.

కాగితం మీద పెట్టి చూద్దాం. 2,500లోంచి 251 తీస్తే ఫోన్‌కు 2,249 రూపాయల లోటు. దాన్ని 25 లక్షలతో గుణిస్తే 562 కోట్ల పైచిలుకు. అప్పటికి ఏడాది కూడా నిండని కంపెనీ ఈ డబ్బును ఎక్కడో ఒకచోట నుంచి తేవాలి. సుంకంలో 13.8 శాతం మిగిలినా 2,500 మీద అది 345 రూపాయలే. మిగతా 1,900 రూపాయలు ఎక్కడివన్నదే అసలు ప్రశ్న.

వేసవి దాటేసరికి అంకెలు మారాయి. వ్యవస్థాపకుడు మోహిత్ గోయల్ కొత్త లెక్క చెప్పారు. విడిభాగాలు తైవాన్ నుంచి వస్తాయి, ఫోన్‌కు 1,180 పడుతుంది, యాప్ కంపెనీల నుంచీ ప్రకటనల నుంచీ 700 నుంచి 800 దాకా వస్తుంది అని. ఈ లెక్కన లోటు 129 నుంచి 229 రూపాయలు. మొదటిదానికన్నా ఇది చాలా నమ్మదగ్గ లెక్కే. కానీ నాలుగైదు నెలల్లో ఖర్చు సగానికన్నా తక్కువకు ఎలా దిగింది, ఇక్కడే తయారీ అన్న మాట తైవాన్ దిగుమతిగా ఎప్పుడు మారింది అన్నవి కొత్త ప్రశ్నలయ్యాయి. దీని మీద దేశంలో 75 కోట్ల మందికి ఫోన్లివ్వడానికి ప్రభుత్వం 50,000 కోట్లు సాయం చేయాలన్న కోరిక ఒకటి.

వివరణ మారడం వల్లే ఎవరూ దొంగ అయిపోరు. కొత్త వ్యాపారంలో లెక్కలు మారుతూనే ఉంటాయి. నీలిమందు కొలతలో మనకు కావాల్సింది మాత్రం డబ్బు తీసుకున్న ఫిబ్రవరి నాటి లెక్క. జూలైలో మెరుగైన లెక్క చూపించినంత మాత్రాన ఫిబ్రవరిది కుదిరిపోదు.

నష్టానికి అమ్మితే తప్పేంటి?

రింగింగ్ బెల్స్ వైపు నుంచి చెప్పగల బలమైన వాదన ఇదే. అదే ఏడాది సెప్టెంబరు 5న రిలయన్స్ జియో వచ్చింది. 4జీ డేటా, కాల్స్ ఉచితం. మొదట డిసెంబరు 31 వరకూ అన్నారు, తర్వాత 2017 మార్చి 31 దాకా పొడిగించారు. పోటీ కంపెనీలు అప్పుడూ గగ్గోలు పెట్టాయి. ఎవరూ నమ్మలేని ధర అనేదే మోసమైతే జియో కూడా ఆ బోనులో నిలబడాలి.

తేడా స్తోమతలో ఉంది. జియో వెనుక పెట్టిన లక్షన్నర కోట్లు టవర్లుగా, కేబుళ్లుగా కళ్ల ముందు కనిపించాయి. సిమ్ తీసుకున్నవాడికి ఆ సాయంత్రమో రెండు రోజులకో సిగ్నల్ వచ్చింది. ధర తక్కువెందుకన్న ప్రశ్నకు సమాధానం కూడా ఉంది: ముందు జనాన్ని చేర్చుకుని తర్వాత రాబట్టుకుంటాం. తర్వాత రాబట్టుకున్నారు కూడా, రీచార్జి చేయించుకునే ప్రతివాడికీ తెలుసు. అందుకని ధర మరీ తక్కువగా ఉందన్నది అనుమానానికి మొదటి మెట్టు మాత్రమే. ఆ లోటు ఎవరు భరిస్తున్నారన్నదానికి జవాబు లేనప్పుడే రెండో మెట్టు ఎక్కుతాం.

‘డబ్బు వెనక్కిచ్చేశాం కదా’

మొదటి రోజు 30,000 మంది డబ్బు కట్టారని, 7 కోట్లకు పైగా నమోదు చేసుకున్నారని కంపెనీ చెప్పింది. విమర్శలు ముదిరాక ఆ 30,000 మందికీ డబ్బు తిరిగిచ్చేస్తున్నామని, ఇక అంతా క్యాష్ ఆన్ డెలివరీ అని ప్రకటించింది. 291 చొప్పున చూస్తే అది 87 లక్షల పైన.

డబ్బు తిరిగివ్వడం చిన్న విషయం కాదు. పారిపోదామనుకున్నవాడు సాధారణంగా రీఫండ్లు ఇవ్వడు. ఉద్దేశం మంచిదే అనడానికి ఇది ఒక సాక్ష్యమే, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. చట్టం దగ్గర మాత్రం దీని విలువకు ఒక హద్దుంది. అబద్ధంతో నమ్మించి డబ్బు తీసుకున్న క్షణానే నేరం పూర్తవుతుంది. తర్వాత తిరిగిచ్చేస్తే శిక్ష తగ్గొచ్చు, కోర్టు అనుమతితో రాజీ కుదరొచ్చు, జరిగింది జరగనట్టు కాదు. పైగా, ఎప్పుడు తిరిగిచ్చారన్నది చూడాలి. ఎవరూ అడగకముందు ఇవ్వడం, అన్నివైపుల నుంచీ ప్రశ్నలు చుట్టుముట్టాక ఇవ్వడం ఒకటి కాదు.

2016 మార్చిలో బీజేపీ ఎంపీ కిరీట్ సోమయ్య ఫిర్యాదు మీద నోయిడా పోలీసులు 420 కింద ఎఫ్‌ఐఆర్ పెట్టారు. ఎఫ్‌ఐఆర్ అంటే ఆరోపణ వచ్చింది, విచారణ మొదలవుతోందని చెప్పే కాగితం. అంతకుమించి ఏమీ కాదు. జూన్ 30 కల్లా అన్న 25 లక్షలు కాస్తా, జూలై 8 నుంచి 5,000 ఫోన్లు పంపుతాం అన్న మాటగా మారింది.

గోయల్ అరెస్టయింది మాత్రం 2017 ఫిబ్రవరిలో, వేరే కారణంతో. 30 లక్షలు కడితే సరుకూ డబ్బూ కలిపి 14 లక్షల విలువే వచ్చిందని, 16 లక్షలు రాలేదని ఘాజియాబాద్ డిస్ట్రిబ్యూటర్ ఒకరు పెట్టిన కేసది. మే నెలలో అలహాబాద్ హైకోర్టు బెయిలిచ్చింది. అరెస్టయితే నేరం రుజువైనట్టు కాదు, బెయిలొస్తే తేలిపోయినట్టూ కాదు. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి. ‘కొన్నవాళ్లకు డబ్బు ఇచ్చేశాం’ అన్న జవాబులో ఈ డిస్ట్రిబ్యూటర్ ఎక్కడా లేడు. 291 కట్టినవాడి వైపే అందరం చూస్తున్నాం గానీ పెద్ద మొత్తాలు వేరే చోట చేతులు మారాయి.

అమ్మినవాళ్లకే తెలియని సరుకు

మళ్లీ వదిన చీర దగ్గరికి వద్దాం. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో చీరలు అమ్మే చాలామంది దగ్గర చీరలుండవు. పైనున్న హోల్‌సేలర్ పంపిన ఫొటోలను తమ ధర కలిపి మనకు చూపిస్తారు. మనం డబ్బు పంపాక ఆర్డర్ పైకి వెళ్తుంది, సరుకు అక్కణ్నుంచే నేరుగా మన ఇంటికి వస్తుంది. మధ్యలో రీసెల్లర్ ఆ చీరను కంటితో చూడనే చూడరు.

అలాంటప్పుడు ‘మేం మోసం చేయలేదు’ అన్న మాట అక్షరాలా నిజం కావచ్చు. చేనేతని పైవాడు చెప్పాడు, వాళ్లు నమ్మారు, మనకు చెప్పారు. దురుద్దేశం లేదు, నీలిమందు కొలతలో వంచన లేదు. కానీ చూడని వస్తువును చేనేత అని ఖాయంగా రాసింది వాళ్లే, డబ్బు తీసుకుందీ వాళ్లే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన వర్ణనకు సరిపోని వస్తువు వస్తే అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. వాడేసిన సొంత సామాను ఎప్పుడో ఒకటి అమ్ముకునేవాళ్లకు ఈ నిబంధనలు వర్తించవు, నిత్యం వ్యాపారంగా చేసేవాళ్లకు వర్తిస్తాయి. నాలుగు వేల మంది కస్టమర్లున్నారని వాళ్లే చెప్పుకున్నాక ఇది వ్యాపారమా కాదా అన్న సందేహమే లేదు.

అన్‌బాక్సింగ్ వీడియో షరతుకూ రెండు వైపులున్నాయి. చీర మార్చేసి, చిరిగింది వచ్చిందని రీఫండ్ అడిగే కొనుగోలుదారులు లేకపోలేదు. చిన్న అమ్మకందారుకు అది నిజంగానే దెబ్బ. చిరుగు విషయంలో వీడియోకి అర్థముంది. పాలిస్టర్ విషయంలో ఏముంది? కట్ట విప్పుతుంటే వీడియో తీసినా బట్ట పాలిస్టర్ అని తెరమీద తెలియదు. నాలుగు వేల మంది సంగతీ అంతే. వాళ్లంతా సంతోషంగానే ఉండొచ్చు, వాళ్లలో ఎంతమందికి చేనేతకూ పవర్‌లూమ్‌కూ తేడా తెలుసన్నది వేరే ప్రశ్న.

‘ఫ్రాడ్’ అన్న మాట అన్నవాడికి కూడా బరువే

పరువునష్టం మన దేశంలో ఇప్పటికీ క్రిమినల్ నేరమే. ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2016 మేలో తేల్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష. క్రిమినల్ కేసులో ‘నేను చెప్పింది నిజం’ అంటే సరిపోదు, అది నలుగురికీ తెలియడం ప్రజలకు మేలు అని కూడా చూపించాలి. కల్తీ, మోసం లాంటి విషయాల్లో అది చూపించడం కష్టమేమీ కాదు. కష్టమైంది నిజమని చూపించడం.

‘చేనేత అని చెప్పారు, పాలిస్టర్ వచ్చింది, అడిగితే తీసుకోలేదు’ అన్నది జరిగిన విషయం. ఫొటోలతో, మెసేజ్‌లతో నిలబెట్టుకోవచ్చు. ‘వీళ్లు ఫ్రాడ్’ అన్నది ఎదుటివాడి మనసు గురించిన మాట, దాన్ని నిలబెట్టుకోవాలంటే నీలిమందు పరీక్ష మొత్తం నెగ్గాలి. ప్రొటీన్ పొడుల నాణ్యత మీద వీడియోలు చేసినవాళ్లపై ఒక కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, 2025 ఏప్రిల్‌లో కోర్టు ఆ వీడియోలను ఆపడానికి నిరాకరించింది. వాళ్ల దగ్గర ల్యాబ్ రిపోర్టులున్నాయి.

మా వదిన దగ్గర ల్యాబ్ రిపోర్టు లేదు. దారం లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసింది. నూలు కాలితే బూడిదవుతుంది, ఇది కరిగి ముద్దకట్టింది. ఆ వీడియో పేజీ వాళ్లకు పంపింది. రెండు రోజులు మౌనం. తర్వాత ఒక మెసేజ్: పైనుంచి మాకు ఇలాగే వచ్చింది మేడమ్, డబ్బు పంపిస్తాం, మీరు పోస్ట్ తీసేయండి.

1,850 వచ్చింది. వదిన పోస్ట్ తీయలేదు, పైన రాసిన ‘వీళ్లు ఫ్రాడ్’ అన్న ముక్క తీసేసింది. రెండు ఫొటోలు మాత్రం పక్కపక్కన అలాగే ఉన్నాయి.